వంటింటి ప్రయోగం ఎవరిది?

(స్త్రీల సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



బడి పుస్తకాల్లో ‘ఇంట్లో చేసి చూడండి’ అనే ప్రయోగాలుంటాయి. పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్ళు వేస్తే ఎర్రబడుతుంది. పసుపూ గిన్నే అందించేది తల్లి, తర్వాత తుడిచేదీ ఆమే. ప్రయోగం మాత్రం అబ్బాయిది. చాలా ఇళ్ళల్లో ఆ వేళకి అమ్మాయి అంట్ల దగ్గర ఉంటుంది.

ఆ అంట్ల నీళ్ళ మీద తేలే జిడ్డునే శాస్త్రంగా పట్టించుకున్న ఒకామె సంగతి చెబుతాను. జర్మనీకి చెందిన ఆగ్నెస్ పొకెల్స్ (1862-1935). భౌతికశాస్త్రం చదవాలని ఆమె కోరిక. అప్పట్లో అక్కడి విశ్వవిద్యాలయాలు స్త్రీలను చేర్చుకునేవి కావు. తమ్ముడు వెళ్ళి చదువుకున్నాడు. ఆమె ఇంటిపని చేస్తూ, జబ్బుపడిన తల్లిదండ్రులను చూసుకుంటూ ఉండిపోయింది. రేకు తొట్టిలో నీళ్ళు పోసి, పైన అడ్డంగా బద్దను జరుపుతూ, నీటి మీద ఆనించిన చిన్న బిళ్ళను పైకి లాగడానికి ఎంత బలం కావాలో త్రాసుతో కొలిచింది. దాదాపు పదేళ్ళు ఆ పని చేశాక, 1891లో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన పంపితే ‘నేచర్’ పత్రిక ఆ ఏడాదే దాన్ని అచ్చు వేసింది. ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది 1932లో. అలాంటి తొట్టినే మెరుగుపరిచి వాడుకున్న లాంగ్మ్యూర్‌కు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ సంవత్సరమే.

దీన్ని పట్టుదల కథగా చెప్పడం నాకు నచ్చదు. ఆ పదేళ్ళూ ఆమెకు కరువైంది పట్టుదల కాదు, ఆమె మాట వినే చోటు. రేలీ ఆ ఉత్తరం పక్కన పడేసి ఉంటే?

మన సంఘాల్లో చేసే కల్తీ పరీక్షలకూ ఇదే చిక్కు. కాచి చల్లార్చిన పాలు కాసిని తీసుకుని, రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే, పిండి కలిసిన పాలు నీలంగా మారతాయి. (ఆ పాలు పారబోయండి.) రంగు మారనంత మాత్రాన పాలు మంచివని కాదు. నీళ్ళు కలిపారో, యూరియా కలిపారో ఈ పరీక్ష చెప్పదు.

నీలం రంగు చూపించినా అమ్మేవాడు ‘నీకేం తెలుసమ్మా’ అంటాడు. ఇంటి పరీక్ష కేసుకు చాలదన్నదీ నిజమే. అయితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్ళెవరైనా రుసుము కట్టి ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతామని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. 14 రోజుల్లో నివేదిక రావాలి. తప్పు తేలితే కట్టిన రుసుము తిరిగి ఇవ్వాలి. దేన్ని పరీక్షకు పంపాలో తేల్చుకోవడానికి మన అయోడిన్ చుక్క చాలు. అలాగని తనిఖీ అంతా ఆడవాళ్ళ నెత్తిన పడేసి అధికారులు కూర్చుంటామంటే ఒప్పుకోవద్దు.

ప్రతి సంఘం ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఎక్కడ కొన్నారు, ఎన్ని చుక్కలు వేశారు, ఏ రంగు వచ్చింది, అన్నీ అందులో ఉండాలి. చదువురాని సభ్యురాలు చేస్తే కూతురు రాసిపెట్టవచ్చు. పేరు మాత్రం చేసినామెదే రాయాలి.