సేవ చేసేవారికీ సెలవు కావాలి
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. నాగార్జునసాగర్‌లో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఆఫీసులో అందరి లీవు దరఖాస్తులూ నా టేబుల్ మీదుగానే పోయేవి. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 30 రోజుల ఆర్జిత సెలవు. ఎవరికెంత మిగిలిందో రిజిస్టరు తెరవకుండా చెప్పేవాణ్ణి.

నాలుగేళ్ల కిందట మా ఇంటావిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దయింది. ఆనాటి నుంచి నాకు మళ్లీ ఉద్యోగం వచ్చినట్లయింది. ఇందులో క్యాజువల్ లీవు లేదు.

మొదటి ఏడాది అంతా నేనే చేశాను. స్నానం, తిండి, మందులు, పుండ్లు పడకుండా రాత్రిళ్లు కూడా రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పడం. పిల్లలు ఫోను చేస్తే ‘‘బాగానే ఉన్నాం’’ అనేవాణ్ణి. మనిషిని పెట్టుకోవడం నామోషీ అనుకున్నాను.

ఒకరోజు అన్నం తినిపిస్తుంటే ఆమె ఎడమ చేత్తో గిన్నె తోసేసింది. నేను చెయ్యెత్తాను. కొట్టలేదు. కానీ దెబ్బ పడుతుందని ఆమె కళ్లు మూసుకుంది. 46 ఏళ్ల కాపురంలో నన్ను చూసి ఆమె భయపడటం అదే మొదలు. మర్నాడు డాక్టరుగారు నా బి.పి. చూస్తే 190/110. నా మాత్రలు నేను మానేసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు.

మన సాగర్ నిండు మట్టం 590 అడుగులు. నిండాక కూడా వరద వస్తుంటే 26 గేట్లలో కావలసినన్ని ఎత్తుతారు. ఆ ఏర్పాటు లేకుండా డ్యామ్ కట్టరు. నేను మాత్రం గేటు లేకుండా ఏడాది గడిపాను.

ఆ రాత్రే పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పాను. అబ్బాయి నెలకు రెండు ఆదివారాలు వస్తున్నాడు. బిడ్డ మూడు నెలలకొకసారి వారం రోజులు ఉండి పోతుంది. పింఛనులోంచి జీతమిచ్చి పొద్దున రెండు గంటలకు ఒక ఆయాను పెట్టుకున్నాం. మంచం మీది మనిషిని లేపేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచాలని ఫిజియోథెరపీ ఆయన నేర్పాడు. నా మాత్రలు కూడా ఆమె మందుల డబ్బాలోనే పెట్టాను. సాయంత్రం అరగంట నడక, మిత్రులతో ఒక కప్పు టీ.

నిద్ర పట్టకపోయినా, ఊరికే కోపమో ఏడుపో వస్తున్నా దాచుకోకండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది.

ఇంకొక్క మాట. మన ఇళ్లలో ఈ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్లదే. మనం ఏనాడో రిటైరయ్యాం. మంచాన పడిన అత్తగారికో, మనకో సేవ చేసే ఇల్లాలికి, కోడలికి రిటైర్మెంటు లేదు. వారు అడగరు. అడగకముందే మనం లీవు శాంక్షన్ చేయాలి.

మొదట్లో నేను గడప దాటితే మా ఆవిడ బెదిరేది. ఇప్పుడు నేను చెప్పులు వేసుకుంటుంటే తానే ‘‘పోయి రండి’’ అంటుంది. మాట ముద్దగానే ఉంటుంది, నాకు అర్థమౌతుంది.

ఆయా వెళ్లే వేళయింది. నాకిక సెలవిప్పించండి.