బరువు దిగితే చాలదు, నిలవాలి
(సోలాపూర్‌లో మరమగ్గాల కార్మికుల సమావేశంలో ఒక తోటి కార్మికుని ప్రసంగం)



షిఫ్టు దిగి ఇంటికి పోవలసిన వేళ ఆగారు. నాలుగు మాటల్లో ముగిస్తాను.

బి.పి. చూసినప్పుడు రెండు అంకెలు చెబుతారు. గుండె రక్తాన్ని నెట్టినప్పటిది పై అంకె, సడలినప్పటిది కింది అంకె. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే రక్తపోటు ఉన్నట్టే. నొప్పి ఉండదు, జ్వరం రాదు. పక్షవాతం వచ్చేదాకా చాలామందికి తెలియనే తెలియదు.

ఒళ్లు పెరిగితే గుండె ఎక్కువ రక్తం నెట్టాలి. మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచుతాయి. పోటు పెరుగుతుంది. బరువు తగ్గితే పై అంకె సగటున కిలోకు ఒకటి చొప్పున దిగుతుంది.

నా సంగతే చెబుతాను. సరుకు అమ్ముడుపోక సాంచాలు ఆగిన నెలల్లో సగం కడుపుతో ఉండి ఆరు కిలోలు తగ్గాను. పోటు దిగింది. నయమైందనుకుని మాత్రలు మానేశాను. పని మొదలయ్యాక రాత్రి పాళీ, వడాపావ్, గంటకో తీపి చాయ్, అన్నంలోకి ఊరగాయ. ఏడాది తిరక్కుండా ఎనిమిది కిలోలు ఎక్కాను. ఒక రాత్రి పోగు అతికించబోతే ఎడమ చెయ్యి లేవలేదు. ఆసుపత్రిలో చూస్తే 190/110. తోటివాళ్లు వేళకు చేర్చారు గనుక మీ ముందు నిలబడ్డాను.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948 నుంచి ప్రజల ఆరోగ్యాన్ని పరిశీలిస్తున్నారు. బరువు ఎక్కువగా మారుతూ వచ్చినవారిలో గుండెజబ్బులు ఎక్కువని 1991లో ప్రకటించారు. ఈ ఎక్కడం దిగడమే రక్తపోటు తెస్తుందా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. దిగిన బరువు మళ్లీ ఎక్కితే పోటూ ఎక్కుతుందన్నది మాత్రం తేలిన విషయం.

కాబట్టి పస్తులుండి తగ్గవద్దు. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గినా చాలు, దాన్ని నిలుపుకోండి. ఉప్పు మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా మించకూడదు, ఊరగాయలో, అప్పడంలో ఉన్నదీ అందులోదే. డాక్టరు చెప్పనిదే మాత్ర ఆపకండి. ప్రయత్నం లేకుండానే బరువు పడిపోతే సంతోషించకండి. షుగరో, క్షయో ఉందేమో చూపించుకోండి.

పని లేని నెలల పస్తు మనం కోరుకున్నది కాదు. ఏడాది పొడవునా పని, రాత్రి పాళీలో కూర్చుని తినే వేళ, యేటా వైద్య పరీక్ష కావాలని అడగడం కూడా ఆరోగ్యం కోసమే.

వచ్చే ఆదివారం యూనియన్ ఆఫీసులో తూనిక, బి.పి. మిషను పెడుతున్నాం. పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టే మన ఇంటి ఆడవాళ్లనూ వెంట తీసుకురండి.