చెమట ఆరని దీవులు



విజయవాడ ఎండ మన రైల్వే కార్మికులకు తెలుసు. అక్కడ గాలి పొడిగా ఉన్నప్పుడు వట్టివేళ్ళ తడికపై నీళ్ళు చల్లితే గది చల్లబడుతుంది. రైలు మార్గమే లేని అండమాన్ దీవులలో ఆ ఉపాయము పనిచేయదు. గాలిలో తేమ అధికము. తడిక ఆరదు, పోస్ట్‌మాన్ ఒంటిపై చెమటా ఆరదు. చెమట ఆరనిదే దేహము చల్లబడదు.

తీరప్రాంతములో ఉష్ణోగ్రత 37 డిగ్రీలకు చేరనిదే వాతావరణ శాఖ వడగాడ్పులను ప్రకటించదు. శ్రీ విజయపురములో, అనగా 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌లో, వేసవిలోనూ సాధారణముగా 32, 33 డిగ్రీలే. కనుక ప్రకటన రాదు. బాధ మాత్రము తప్పదు.

మనము కోరేది ఏ.సి. గదులు కాదు. ఎదురెదురు కిటికీలు, తిరిగే ఫ్యానులు, మంచినీరు, ఉదయమే బట్వాడా, మధ్యాహ్నము విశ్రాంతి కావలెను. ఉష్ణోగ్రతతోపాటు తేమను కూడా లెక్కించే నిబంధన కావలెను. ఇది దయాభిక్ష కాదు, శ్రమజీవి హక్కు.