ప్రసూతి గదిలో ఎవరి మాట చెల్లాలి?

(కొండగట్టులో జరిగిన మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక పెద్ద శీర్షిక రాసి పంపించారు. "రోగి కేంద్రంగా నర్సింగ్ సేవ: నైతిక నాయకత్వం, మార్పు నిర్వహణ" అని. చదివి కొంచెం భయపడ్డాను. ఏళ్ల తరబడి సర్కారు దవాఖానల్లో పనిచేసి రిటైరైన దాన్ని. ఇంత బరువైన మాటలు నా నోట పలకవు. అందుకని నాకు బాగా తెలిసిన ఒక గది గురించే మాట్లాడతాను. అది లేబర్ రూం. అక్కడికి వచ్చే ఆడమనిషి అసలు రోగే కాదు. ఆమెకు జబ్బేమీ లేదు, బిడ్డను కనడానికి వచ్చింది. అయినా గడప దాటగానే ఆమెను రోగిని చేసేస్తాం. గాజులు తీయించి, గౌను తొడిగించి, పేరు మరిచిపోయి మంచం నంబరుతో పిలుస్తాం.

ఈ సమావేశం కొండగట్టులో పెట్టడం నాకు నచ్చింది. పిల్లలు లేని దంపతులు ఈ అంజన్న దగ్గర మండలం, అంటే నలభై రోజులు, పూజలు చేస్తే సంతానం కలుగుతుందని మన దగ్గర నమ్మకం. ఆ నమ్మకం గురించి నేనేమీ అనను. అట్లా మొక్కుకుని కడుపు పండిన తల్లి, నెలలు నిండాక జగిత్యాలకో కరీంనగర్‌కో పోయినప్పుడు ఆమెకు ఏం జరుగుతుంది అన్నదే నా విషయం.

పొద్దున ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మనలో చాలామంది మాటలు ఆపేసి కిటికీలోంచి చూశాం. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు పోతున్న ఆర్టీసీ బస్సు ఈ ఘాట్‌లోనే లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో వంద మందికి పైగా ఎక్కి ఉన్నారు. బస్సు నిండి పొర్లుతున్నదని ఆ రోజు ఎక్కిన ప్రతి ఒక్కరికీ కనిపించే ఉంటుంది. మా ప్రసూతి గదులు కూడా అట్లాగే నిండి ఉంటాయి. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరు, నొప్పులు పడుతున్న వాళ్లు నలుగురు. ఇంతమందిని నేనొక్కదాన్నే చూసుకోలేను అని ముందుగా కాగితం మీద రాసి ఇవ్వడం కూడా నర్సు బాధ్యతే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మేం రాయలేదు. అరిచి పని జరిపించాం. ఆ అరుపులు ఎవరి మీద పడ్డాయో మీకు వేరే చెప్పనక్కరలేదు.

కొన్ని అంకెలు చెప్పి ముందుకు పోతాను. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. కరీంనగర్ జిల్లాలో అన్నీ కలిపి నూటికి 80 దాటింది. 10-15 శాతానికి మించి ఉండవలసిన అవసరం ఏ ప్రాంతానికీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అన్నది. అంటే మన ఆడవాళ్ల పొట్టల మీద ఉన్న గాట్లలో సగానికి పైగా అవసరం లేనివే అనుకోవాలి. డాక్టర్ల సంపాదన, ముహూర్తాల పిచ్చి, ఆలస్యమైతే మీదికొస్తుందన్న భయం, ఇవన్నీ మీరు రాశారు, ధర్నాల్లో అడిగారు. కానీ చాలామంది ఆడవాళ్లు తామే "ఆపరేషన్ చేయండి సారూ" అని ఎందుకు బతిమాలారో ఎవరూ మమ్మల్ని అడగలేదు. దానికి జవాబు నాలాంటి వాళ్ల దగ్గర ఉంది. మామూలు కాన్పు అంటే లేబర్ రూంలో మా చేతుల్లో పడటం. దాని కన్నా కత్తే నయమనుకున్నారు.

1994లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పటి మాట. ఎక్కడ పనిచేశానో ఇక్కడ చెప్పను. ఒక తండా నుంచి పద్దెనిమిదేళ్ల పిల్ల తొలి కాన్పుకు వచ్చింది. పడుకోనంటుంది. "నడుస్త సిస్టరమ్మా, పండుకుంటే పాణం పోతుంది" అని మంచం దిగుతుంది. నేను రెండుసార్లు చెప్పాను. మూడోసారి తొడ మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. నాకు నేర్పిన సిస్టర్లు అట్లాగే చేసేవాళ్లు, కొట్టకపోతే బిడ్డ ఆగిపోతుంది, తల్లి మేలుకే అనేవాళ్లు. ఆ పిల్ల నోరు మూసుకుంది. కాన్పు అయ్యేదాకా మళ్లీ ఒక్క కేక పెట్టలేదు. ఆ రోజు దాన్ని మంచి కేసు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1991లో తెచ్చిన "సవాలక్ష సందేహాలు" పుస్తకం మా హాస్టల్లో చేతులు మారుతుండేది. దాచుకుని చదివేవాళ్లం. మా శరీరాల గురించి మాకే తెలియదని దానివల్ల అర్థమైంది. ఆ జ్ఞానం మంచం మీది పిల్లకు కూడా చెందుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు. యూనిఫాం వేసుకోగానే మేం వేరు, వాళ్లు వేరు అయిపోయాం.

ఆ పిల్ల నడుస్తానంటే సరిగ్గానే అన్నదని నాకు తెలిసింది 2017 తర్వాత. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది సర్కారు నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం కూడా మిడ్‌వైఫరీ సేవల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అట్లా శిక్షణ పొందిన ఇద్దరు అమ్మాయిలు కొన్నాళ్లకు మా దగ్గరికి వచ్చారు. నొప్పులు పడే ఆమెను నడిపిస్తారు, గోడ పట్టుకుని నిలబడనిస్తారు, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెడతారు, నడుము రుద్దుతారు. గొంతుక్కూర్చుని కంటానంటే కననిస్తారు. ఊరికే నొప్పుల డ్రిప్ పెట్టరు, పొట్ట మీద నొక్కరు, అవసరం లేకుండా కింద కోత వేయరు. మాకు నవ్వొచ్చింది. ఇవన్నీ మా నాయనమ్మ కాలపు మంత్రసాని చేసిన పనులే కదా! ఆమెను మురికిది, చదువు లేనిది అని తరిమేసిన వాళ్లం మేమే. (ఆమె దగ్గర తల్లులు, పిల్లలు చనిపోయిన మాట కూడా నిజమే. దాన్ని నేను దాచను.) ఈ అమ్మాయిలు బిడ్డ గుండె చప్పుడు వేళకు వింటూ, పార్టోగ్రాఫ్ గీస్తూ, డాక్టరును ఎప్పుడు పిలవాలో తెలిసి ఆ పనులు చేస్తున్నారు.

అప్పుడు నేను లేబర్ రూం ఇన్‌చార్జిని. పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది: కాన్పు సమయంలో ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వాలి, గౌరవంగా చూడాలి. మేమంతా సంతకాలు పెట్టి గోడకు అంటించాం. తర్వాత మూడు నెలలు ఏమీ మారలేదు. మార్పు అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ మూడు నెలల తర్వాతే.

జూనియర్ సిస్టర్లను కూర్చోబెట్టి అడిగాను. "ఆమె అవ్వ ఎదురుగ నిలబడి చూస్తుంటే మేం పని ఎట్ల చేస్తం మేడం?" అన్నారు. "అవ్వ చూస్తుంటే చెయ్యలేని పని ఏదో చెప్పండి" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అప్పుడు నా తొడ దెబ్బ సంగతి వాళ్లకు చెప్పాను. పాతికేళ్లు ఎవరికీ చెప్పని మాట. ఇన్‌చార్జి చేసిన తప్పు ఇన్‌చార్జే చెప్పుకున్నాక మిగతావాళ్లకు నోరు వచ్చింది.

గట్టిగా అడ్డుపడింది మాత్రం డాక్టర్లు కాదు, ఆయమ్మలు. లోపల తోడు మనిషి ఉంటే వాళ్ల మామూలు పోతుంది. మగపిల్లవాడికి ఒక రేటు, ఆడపిల్లకు ఒక రేటు, మీకందరికీ తెలుసు. నేను మొదట కోపంతో మెమో రాయబోయాను. రాసేముందు అడిగితే తెలిసింది, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ వాళ్లకు నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదు. నెత్తురు గుడ్డలు ఎత్తే మనిషికి అన్నం లేకుండా చేసి, ఆమెకు నీతి చెప్పడానికి నేనెవరిని? ముందు వాళ్ల జీతాల కోసం సూపరింటెండెంటు గది చుట్టూ తిరిగాను, వాళ్లతో అర్జీ పెట్టించాను. రెండు నెలల బకాయి వచ్చాకే మామూలు సంగతి ఎత్తాను. పూర్తిగా ఆగిందని అబద్ధం చెప్పను. తగ్గింది. తోడు మనిషికి అడ్డుపడటం మాత్రం ఆగిపోయింది.

తెరల కథ ఇంకొకటి. మూడు టేబుళ్ల మధ్య ఒక గుడ్డ కూడా లేదు. తోడు ఉండాలంటే తెర ఉండాలి కదా. ఇండెంట్ పెట్టి విసిగిపోయి, చివరికి దవాఖాన దుప్పట్లనే కత్తిరించి తాళ్ల మీద వేశాం. ఇన్‌ఫెక్షన్ అన్నారు. వారానికి రెండుసార్లు ధోబీకి వేస్తామన్నాం. అంతే, సరిపోయింది.

తర్వాత ఒక రిజిస్టరు పెట్టాం. కింద కోత వేసిన ప్రతిసారీ ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని రాయాలి. మొదటి పేరు నాదే రాశాను. మొదటి నెలంతా కారణం గడిలో అందరం "తొలి కాన్పు" అనే రాశాం. ఒక రోజు మా మిడ్‌వైఫ్ అమ్మాయి మెల్లగా అడిగింది, "మేడం, తొలి కాన్పు కారణం ఎట్లయితది?" అని. వయసులో నా కూతురంత పిల్ల. నాకు కోపం వచ్చింది, ఆ సాయంత్రం ఆమెతో మాట్లాడలేదు. మరుసటి నెల నుంచి ఆ గడిలో ఆ మాట రాయనివ్వలేదు. కారణం దొరక్క కోతలు తగ్గాయి.

2020లో కోవిడ్ వచ్చి తోడు మనిషిని మళ్లీ బయటికి పంపించాం. ఏడాదిన్నర తర్వాత తిరిగి తేవడం మొదటిసారి కన్నా కష్టమైంది. ఒంటరి ఆడదాన్ని అదిలించడం మాకు మళ్లీ సులువుగా అలవాటైపోయింది మరి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన విషయం. 2022 ప్రాంతంలో సిజేరియన్లు తగ్గించాలని ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. మామూలు కాన్పులకు ప్రోత్సాహకం ఇస్తామన్నారు. మంచిదే. కానీ నెలాఖరు మీటింగులో అంకెలు అడగడం మొదలయ్యాక, ఆ అంకె కూడా ఆడదాని మీద ఇంకొక కర్ర అయింది. ఒక రాత్రి నేను ఊరికే రౌండుకు వెళ్లాను. తొలి కాన్పు, పొద్దున్నుంచి నొప్పులు. బిడ్డ గుండె నొప్పి వచ్చినప్పుడల్లా 90కి పడి తేరుకోవడం లేదు. ఉమ్మనీరు పచ్చగా పోతున్నది. డ్యూటీ సిస్టరు డాక్టరుకు ఫోన్ చేయలేదు. ఎందుకంటే, "ఈ నెల ఇప్పటికే ఎక్కువైనయి మేడం, ఇంకొంచెం చూద్దామని" అంది. నేను ఫోన్ చేశాను. ఆపరేషన్ అయింది, బిడ్డ ఏడవడానికి కొంత సమయం పట్టింది, ఏడ్చింది. మరునాడు ఈ కేసు ఎందుకు లెక్కలో చేరిందని అడిగితే నా పేరు రాసుకోమన్నాను. ఆ సిస్టరు మీద చర్య తీసుకోవాలన్నారు. ఒప్పుకోలేదు. ఆమెకు ఆ భయం పెట్టింది మా మీటింగే, అందులో ముందు వరసలో కూర్చున్నది నేనే.

అందుకే ఎంతమందికి కోశారు అని మాత్రమే అడగకండి. కొయ్యాల్సిన వేళ కోశారా, ఆమెకు చెప్పి కోశారా, ఆమె ఏమన్నది అని అడగండి. లేబర్ రూంలోకి ఆమె తల్లినో అక్కనో రానిచ్చారా అని బాలింతను వార్డులో కాదు, ఇంటికి పోయాక అడగండి. వార్డులో నిజం చెప్పదు, ఇంకా మా చేతిలోనే ఉంటుంది కదా. హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ మీటింగుల్లో రాత్రిపూట ఎందరు సిస్టర్లున్నారో లెక్క అడగండి. ఈ మధ్య మా పేరు నర్సింగ్ ఆఫీసర్ అని మారింది, సంతోషం. ఆ ఆఫీసరుకు రాత్రి పన్నెండు గంటల డ్యూటీలో కూర్చోవడానికి కుర్చీ, తాళం పడే బాత్రూం ఉన్నాయా చూడండి. తల్లి చనిపోయినప్పుడు మీరు పత్రికల వాళ్లతో వస్తారు, మొదట దొరికేది డ్యూటీ సిస్టరే. రావద్దని నేననను. చావు లేని రోజున కూడా ఒకసారి రండి.

ప్రైవేటు నర్సింగ్ హోముల సంగతి నేను ఎక్కువ మాట్లాడలేదు. అక్కడ తెల్లకోటు వేసుకుని తిరిగే ఆడపిల్లల్లో చాలామందికి నర్సింగ్ చదువే లేదు, నియామక పత్రం ఉండదు, ఎదురు మాట్లాడితే రేపు ఉద్యోగం ఉండదు. వాళ్ల నుంచి ఏ నాయకత్వం ఆశిస్తాం? దానికి వేరే సమావేశం కావాలి.

చివరగా ఒక పని ఉంది. మా దగ్గర పనిచేసిన ఆ ఇద్దరు మిడ్‌వైఫ్ అమ్మాయిల్లో ఒకరిని సిబ్బంది కొరత అని జనరల్ వార్డుకు వేశారు. పద్దెనిమిది నెలలు నేర్చుకున్న చేతులు ఇప్పుడు సెలైన్ సీసాలు మారుస్తున్నాయి. రెండో ఆమెను కూడా తీస్తారంటున్నారు. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను ప్రసూతి గది నుంచి కదిలించవద్దని జిల్లా అధికారులకు అర్జీ రాశాను. కాగితం వెనక బెంచీ మీద, నీళ్ల కూజా పక్కన ఉంది. భోజనానికి వెళ్లేముందు చదివి, సరే అనుకుంటే సంతకం పెట్టండి. ఊరి పేరు కూడా రాయండి.