గేటు ఎన్ని గంటలకు మూస్తారు?

(కుసుమంచిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీ తాగుతుండగా ఇక్కడ పనిచేసే ఒక కార్యకర్త నన్ను ఒక మాట అడిగింది. వాళ్ల ఊళ్లో ఒక అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. పిహెచ్.డి. చేస్తానంటోంది. తండ్రి కౌలు రైతు. "ఇంకో ఆరేళ్లు చదివితే పిల్లకి సంబంధం ఏడ దొరుకుద్ది?" అని ఇంట్లో రోజూ గొడవ. "వాళ్లకి మేమేం చెప్పాలక్కా?" అని ఈమె ప్రశ్న. నేను రాసుకొచ్చిన ఉపన్యాసం వేరే ఉంది. దాన్ని పక్కన పెట్టి ఈ ప్రశ్న గురించే మాట్లాడతాను.

నేను చదివింది సమాజశాస్త్రం. నాకు ఫిజిక్స్ రాదు. కానీ పరిశోధన చేసే రోజుల్లో హాస్టల్లో నాతోపాటు ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు ఫిజిక్స్ స్కాలర్. ఆమె పని ఏమిటంటే, ఒక పదార్థాన్ని ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరచాలి. తర్వాత మెల్లగా వేడెక్కనిస్తూ, దానిలో విద్యుత్ నిరోధం ఎట్లా మారుతుందో కొలవాలి. నైట్రోజన్ చేతికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. మొదలుపెట్టాక ఏడెనిమిది గంటలు ఆపటానికి వీల్లేదు. ఆపితే అప్పటిదాకా తీసిన రీడింగులు పనికిరావు, మళ్లీ మొదటికి రావాలి. మా హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకి మూసేవారు. ఆలస్యంగా రావాలంటే గైడ్ సంతకం, వార్డెన్ సంతకం, తండ్రి రాసిన ఉత్తరం కావాలి. పక్క బల్ల మీద పనిచేసే మగ స్కాలర్ రాత్రి రెండింటిదాకా కొలుచుకునేవాడు. అతను ఒక్క రాత్రిలో చేసిన పని ఈమెకు వారం పట్టేది. చివరికి డిపార్ట్‌మెంట్‌లో అందరూ అన్నదేమిటంటే, "అతను చురుకైనవాడు, ఆమె నిదానం."

నాలుగేళ్ల తర్వాత ఆమెకు పెళ్లయింది. భర్తది వేరే రాష్ట్రంలో ఉద్యోగం. రీడింగుల పుస్తకాలు లాబ్‌లోనే ఉండిపోయాయి. అక్కడి యూనివర్శిటీలో చేరి పని కొనసాగిస్తానని అడిగితే, కొలతలు లాబ్ సొత్తు అన్నారు. థీసిస్ సమర్పించలేదు. రికార్డులో ఆమె పేరు ఎదురుగా "మానేసింది" అని ఉంది. ఎవరు మాన్పించారో రాసే గడి ఆ రికార్డులో లేదు.

ఇది ఒక్క మా హాస్టల్ కథేనా? అన్నా మణి సంగతి చూడండి. కేరళ నుంచి వచ్చిన ఆమె 1940లో బెంగుళూరులో సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు. వజ్రాలు, కెంపుల నుంచి వెలువడే కాంతిని పరిశీలించారు. ఒక్కొక్క ఫోటో ప్లేటుకు పదిహేను, ఇరవై గంటలు కాంతి తగలాలి. అందుకని రాత్రుళ్లు లాబ్‌లోనే ఉండి పనిచేశారు. ఒంటరిగానే అయిదు పరిశోధనా పత్రాలు రాశారు. 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి థీసిస్ సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న కారణంతో డాక్టరేట్ ఇవ్వలేదు. ఆమె తర్వాత వాతావరణ శాఖలో చేరి, డిప్యూటీ డైరెక్టర్ జనరల్ హోదాకు ఎదిగి 1976లో రిటైరయ్యారు. ఆమె రాత్రుళ్లు చేసిన పని ఎవరూ కాదనలేదు. కాగితం మాత్రం ఇవ్వలేదు.

డాక్టరేట్ అంటే తెలివికి పెట్టే పరీక్ష అనుకుంటాం. అదొక్కటే కాదు. సమయం ఎవరి చేతిలో ఉంది, తలుపు ఎవరి చేతిలో ఉంది, గైడ్ ఎవరిని ఒప్పుకుంటాడు, ఫెలోషిప్ ఏ నెలలో వస్తుంది? ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి. ఇందులో జెండర్ ఒక్కటే లేదు, కులం కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పిహెచ్.డి.లో చేరిన సెంథిల్ కుమార్ అనే దళిత విద్యార్థి 2008 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి అతనికి గైడ్ లేడు. గైడ్ లేని స్కాలర్‌కి లాబ్ ఉండదు, పని ఉండదు. మగపిల్లవాడికే ఇట్లా జరిగినచోట, భద్రాచలం అడవుల నుంచి వెళ్లే కోయ అమ్మాయికి ఎన్ని తలుపులు మూసి ఉంటాయో మీరే ఆలోచించండి.

అనంతపురం జిల్లా శింగనమల మండలానికి చెందిన సాకే భారతి కూలికి పోతూ, బిడ్డను పెంచుకుంటూ చదివి, 2023లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి కెమిస్ట్రీలో డాక్టరేట్ అందుకుంది. పత్రికలన్నీ ఆమె పట్టుదలను మెచ్చుకున్నాయి. నేనూ సంతోషించాను. కానీ ఒక ఆడమనిషి చదువుకోవాలంటే అంత పట్టుదల ఎందుకు కావలసివచ్చిందో అడగకుండా మెచ్చుకోవటం సులువు.

ఇక హక్కుల సంగతి. ఇవి రాసుకోండి. యుజిసి 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి గడువు ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, స్త్రీలకు అదనంగా ఇంకో రెండేళ్లు, మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల దాకా సెలవు ఉంది. పెళ్లి వల్ల గానీ మరో కారణాన గానీ ఊరు మారితే, పరిశోధన సమాచారాన్ని కొత్త విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లవచ్చు. 2016 నిబంధనల్లోనే ఇది వచ్చింది. నా స్నేహితురాలికి అప్పటికే ఆలస్యమైంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ పని గైడ్‌కో సంస్థకో నిధులిచ్చిన ప్రాజెక్టులో భాగమైతే ఈ హక్కు వర్తించదు. ఫిజిక్స్ లాబ్‌లలో ఎంతో పని ప్రాజెక్టు డబ్బు మీదే నడుస్తుంది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకున్నట్టే. మనం పోట్లాడవలసింది ఇక్కడ.

2019 సెప్టెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే ఫిజిక్స్‌లో జెండర్ సమానత్వం మీద జాతీయ సదస్సు జరిగింది. దాన్నుంచి హైదరాబాద్ చార్టర్ వచ్చింది. లోపం స్త్రీల తెలివిలో లేదని, సంస్థల తీరు మారాలని శాస్త్రజ్ఞులే చెప్పటం చిన్న విషయం కాదు. కానీ చార్టర్ తనంతట తాను గేటు తెరవదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటికి వెళదాం. తండ్రితో "మీకు చైతన్యం లేదు" అనకండి. ఆయన భయం డబ్బు గురించి, పరువు గురించి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలని చెప్పండి. ఆ డబ్బు నెలనెలా రాకపోవచ్చని కూడా దాచకండి. చేరే ముందు అమ్మాయి చేత ఈ ప్రశ్నలు అడిగించండి: గైడ్‌ని ఎప్పుడు, ఎట్లా కేటాయిస్తారు? రాత్రి లాబ్‌లో పనిచేయవచ్చా? హాస్టల్‌కి ఎవరు దింపుతారు? లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీలో ఎవరున్నారు? జవాబులు కాగితం మీద తీసుకోండి. రక్షణ పేరుతో తాళం వేస్తామంటే ఒప్పుకోకండి. తాళం కాదు, దీపాలు కావాలి, బండి కావాలి అని అడగండి.

ఇంకొక్క మాట. మొన్నీమధ్య నా స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతోంది. ఏదో మాటల్లో, "ఆ ఆఖరి శాంపిల్ 90 కెల్విన్ దగ్గర ఏం చేసేదో ఎప్పటికీ తెలియదు" అంది. ఇరవై ఏళ్లయినా ఆమె ఆ అంకె మరిచిపోలేదు. ఈ ఊరి అమ్మాయికి అట్లాంటి అంకె మిగలకూడదు. ఆ ఇంటికి వెళ్లేటప్పుడు నన్నూ పిలవండి, వస్తాను.