చెన్నకేశవుని పేట



ఈ వేదికపై మనం సాధారణంగా క్షేత్రమాహాత్మ్యాలు చెప్పుకొంటూ ఉంటాం. పురాణప్రసిద్ధాలైన క్షేత్రాల వైభవాన్ని వ్యాసభగవానుడే చెప్పి ఉన్నాడు. పురాణానికి ఎక్కని పేటలు కూడా లోకంలో కొన్ని ఉన్నవి. వాటి మాహాత్మ్యాన్ని ఎవరు చెప్పాలి? అక్కడి రాళ్లు చెప్పాలి, వీధుల పేర్లు చెప్పాలి. ఈ సాయంకాలం అటువంటి పేట ఒకటి చూచి వద్దాం. అది చెన్నపట్నంలోని జార్జి టౌను. మనవారు తిరుపతి యాత్రకు పోతూ వస్తూ సెంట్రల్ స్టేషనులో దిగి, ఆ సందులలో చీరలో, ఇత్తడి సామానో కొనుక్కొని, కాళ్లు పీకుతున్నవంటూ వెనుదిరుగుతారు. ఆ తొక్కిసలాటలో తల యెత్తి చూచేవారు తక్కువ.

1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్లేయుల కంపెనీకి సముద్రపుటొడ్డున కొంత నేల అనుగ్రహించాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడు. ఆయన పేరనే ఊరు చెన్నపట్నమైనదని చరిత్రకారులంటారు. కాదు, అక్కడ వెలసిన చెన్నకేశవస్వామి పేరనే అయినదని భక్తులంటారు. నాకు ఇందులో పెద్ద తగవు కనబడదు. చెన్ను అంటే సొంపు, అందం. శ్రీశైలనాథుని చెన్నమల్లికార్జునుడని పిలుచుకొన్న జాతి మనది. దేవుని పేరు బిడ్డకు పెట్టుకోవడం, బిడ్డ పేరు ఊరికి రావడం మన దేశంలో వింత కాదు. ఎటునుంచి చూచినా ఆ ఊరి పేరులో ఉన్నది తెలుగుమాట. 1996లో ప్రభుత్వం వారు ఊరి పేరు చెన్నై అని ఖాయపరచినప్పుడు ఆ మాటే మళ్లీ నిలబడినది.

కోటకు ఉత్తరంగా నేతగాండ్రు, వర్తకులు, దుబాసీలు ఇండ్లు కట్టుకొన్నారు. దుబాసి అంటే రెండు భాషలు తెలిసినవాడు, దొరకూ ఊరికీ నడుమ మాట నడిపేవాడు. ఆ పేటను కంపెనీవారు తమ కాగితాలలో నల్లవారి పట్నమని వ్రాసుకొన్నారు. అది ప్రేమతో పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కరలేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో గాని ఆ పేరు పోయి జార్జి పేరు రాలేదు.

ఆ పాతపేటలో చెన్నకేశవస్వామికి ఆలయం లేచినది. ఎవరు కట్టించారు? ఇక్కడొక చిక్కు ఉన్నది. 1646 నాటి పత్రం ఒకటి నాగభట్టును చూపుతుంది. ఆయన వృత్తి ఏమనుకొన్నారు? కంపెనీవారికి తుపాకిమందు తయారు చేయడం! 1648 నాటి మరొక పత్రంలో బేరి తిమ్మన్న ఆ గుడి తాను కట్టించినదే అంటున్నాడు. ఈ తిమ్మన్న కంపెనీకి తొలినాటి దుబాసి. మన గోదావరి సీమలోని పాలకొల్లు నుండి వచ్చినవాడని చెబుతారు. ఇద్దరూ తమదే అంటున్నారంటే, ఆ గుడి తమదనిపించుకోవడం ఆనాడు ఎంత గౌరవమో మనకు అర్థమవుతుంది. నా మనస్సు మాత్రం ఆ మందు నూరినవాని మీదికే పోతుంది. పగలంతా గంధకమూ బొగ్గూ కలిపి నూరిన చేతితో సాయంకాలం హారతి కన్నులకద్దుకొన్నాడు కాబోలు.

తుపాకిమందువానితో సంబంధమున్న ఆ గుడి చివరకు ఫిరంగుల కోసమే నేలకూలినది. 1746లో ఫ్రెంచివారు పట్నాన్ని పట్టుకొన్నారు. 1749లో అది తిరిగి ఆంగ్లేయుల వశమైనది. కోటగోడకు అంత దగ్గరగా ఇండ్లుంటే శత్రువు వాటిచాటున దాగి దెబ్బతీస్తాడని దొరలకు తోచినది. ఫిరంగిగుండుకు అడ్డులేని బయలు కావాలన్నారు. పేటను పడగొట్టారు. 1757లో చెన్నకేశవుని గుడీ పోయినది. దేవుని ఇంటిని గుండు పారే దారికోసం తీసివేయడం అన్యాయమే, దానికి మెత్తని పేరు పెట్టనవసరం లేదు.

పేటలోని జనం ఊరు విడిచి పోలేదు. కొంచెం ఉత్తరంగా జరిగి మళ్లీ ఇండ్లు కట్టుకొన్నారు. మా దేవునికి చోటేదీ అని అడిగారు. 1762లో కంపెనీవారు కొత్తపేటలో స్థలం ఇవ్వవలసి వచ్చినది. అప్పటి గవర్నరు పిగట్ దొర దగ్గర దుబాసిగా ఉన్న మణలి ముత్తుకృష్ణ మొదలియారు 5,202 వరహాలు సమర్పించాడు. కంపెనీ ఇచ్చినది 1,173 వరహాలు. పడగొట్టినవారు ఇచ్చినదెంత, భక్తుడు ఇచ్చినదెంత, లెక్క మీరే చూచుకోండి. పని 1780 నాటికి గాని పూర్తికాలేదు. ఈసారి చెన్నకేశవుడు ఒంటరిగా రాలేదు. ప్రక్కనే చెన్నమల్లికేశ్వరుడు కూడా వెలసినాడు. నేటికీ దేవరాజ మొదలి వీధి దగ్గర పూలబజారు సందడి నడుమ ఆ రెండు గుళ్లు ప్రక్కప్రక్కన ఉన్నవి. అక్కడివారు దానిని పట్నం గుడి అంటారు. శివకేశవులకు భేదం లేదని మనం ఎన్నో సభలలో చెప్పుకొన్నాం. అక్కడ ఆ మాట గోడకు గోడ ఆనించి కట్టి ఉన్నది.

మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. స్థలం మారితే సాన్నిధ్యం ఉంటుందా? గుడికి జీర్ణోద్ధరణ జరిగేటప్పుడు బాలాలయంలో కళలు నిలిపి పూజ చేయమని ఆగమం చెప్పినది. అంటే గోడలు లేని కాలాన్ని శాస్త్రం ముందే ఊహించినది. అది ఊహించనిది మనుష్యులు లేని కాలాన్ని. దీనికి నిదర్శనం అదే పేటలో మరొకచోట ఉన్నది. ఆర్మీనియన్ వీధిలో 1772 నాటి చర్చి ఒకటి కనబడుతుంది. ఎక్కడో కాకసస్ కొండల ప్రాంతం నుండి పట్టుబట్టలకూ రత్నాలకూ వచ్చిన వర్తకులు కట్టుకొన్నది. గంటల గోపురంలో ఆరు పెద్ద గంటలు ఉన్నవి. ముంగిట నాపరాళ్ల మీద వారి లిపిలో వారి పెద్దల పేర్లు. కట్టడం చెక్కుచెదరలేదు, కాని దానిని కట్టుకొన్న కులస్థులు పట్నంలో మిగలలేదు. ఒకచోట గోడలు పోయి జనం నిలిచారు, మరొకచోట జనం పోయి గోడలు నిలిచినవి. ఆ పరదేశీయుల ముంగిట నిలుచున్నప్పుడు కూడా చేతులు జోడించవలెననే నాకు తోచినది.

ఖాళీ చేయించిన పాత నేల ఏమైనదంటారా? అక్కడ ఇప్పుడు హైకోర్టు ఉన్నది. 1892లో తెరచిన ఎర్రని భవనం. బురుజులు, గుమ్మటాలు, రంగుటద్దాలు, దిక్కు తోచని నడవలు. తమాషా ఏమిటంటే ఆ న్యాయస్థానం నెత్తిమీద 1894లో ఓడలకు దీపం పెట్టారు. ప్రధానగుమ్మటమే దీపస్తంభం! దానికి ముందు 1844 నాటి దీపస్తంభం వేరే ఉండేది. గ్రీకు పద్ధతి రాతికంబం, అది ఆ ఆవరణలోనే ఇంకా నిలిచి ఉన్నది. 1977లో దీపం మెరీనా తీరాన కట్టిన కొత్త స్తంభానికి మారినది. చెన్నకేశవుని సన్నిధిలో దీపం వెలిగిన నేలమీద ఇన్ని యేండ్లు మళ్లీ ఒక దీపం వెలిగినదే అనుకొంటే, ఎందుకో మనస్సుకు ఊరటగా ఉంటుంది.

గ్రీకు పద్ధతి అన్నాను గనుక మరొక వింత. పూలబజారుకు ఎదురుగా, నేటి సుభాస్ చంద్రబోస్ రోడ్డు మీద, పచ్చయప్ప హాలు ఉన్నది. ఎత్తైన మెట్లు, వరుసగా లావుపాటి స్తంభాలు, పైన త్రికోణపు ముఖం. ఏథెన్సులోని ఒక దేవాలయాన్ని చూచి 1850లో కట్టినది. పచ్చయప్ప మొదలియారు కూడా దుబాసియే. 1794లో, నలభయ్యేండ్లకే, కాలం చేశాడు. తన ధనం దేవాలయ కైంకర్యాలకూ ధర్మాలకూ చెందాలని మరణశాసనం వ్రాశాడు. అది కోర్టులలో దశాబ్దాలు నలిగినది. చివరకు ధర్మాలకు పోగా మిగిలిన దానితో 1842లో పిల్లలకు బడి పెట్టారు. ఏథెన్సు గుడిని థీసియస్ అనే వీరునిదని చాలాకాలం అనుకొన్నారు. అది కొలిమికి అధిదేవతయైన హెఫేస్టస్‌దని తరువాత తేల్చారు. అంటే వారి విశ్వకర్మ అన్నమాట! అక్కడికి నాలుగడుగుల దూరంలో, తంబుచెట్టి వీధిలో, మన విశ్వబ్రాహ్మణులు తరతరాలుగా కొలుచుకొనే కాళికాంబ ఆలయం ఉన్నది. 1677లో ఛత్రపతి శివాజీ ఆ తల్లిని దర్శించాడని అక్కడివారు చెప్పుకొంటారు. నమూనా గీచిన దొరకు ఈ పొత్తు తెలిసి ఉంటుందని నేననుకోను.

ఇవన్నీ రాళ్ల మాటలు. నాదం మాట కూడా ఒకటి చెప్పాలి. త్యాగరాజస్వామి తీర్థయాత్రగా వచ్చినప్పుడు ఆ పేటలోనే, బందరు వీధిలో, కోవూరు సుందరేశ మొదలియారు ఇంట బస చేశారు. ఆ గృహస్థు స్వగ్రామం మీద పుట్టినవే కోవూరు పంచరత్నాలు. తమిళదేశపు పట్నంలో, తమిళగృహస్థు ఇంట, తెలుగు కీర్తన! తరువాత 1914 నుండి మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను దినపత్రికగా ఆ పట్నం నుండే వెలువరించారు. కన్యకాపరమేశ్వరీ దేవస్థానం వారి కొత్వాలుచావడిలో కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడుకు పోయేదాకా, తెల్లవారుజామున అక్కడ తెలుగు వినబడని నాడు లేదు.

ఇక ఆఖరి మాట గోడను గురించి. ఫ్రెంచివారి ముట్టడి, ఆ తరువాత హైదరాలీ దండు వచ్చిన భయం, ఈ రెంటితో కొత్తపేట చుట్టూ కంపెనీవారు కోటగోడ కట్టించారు. ఖర్చు జనం నుండి రాబట్టాలని గోడపన్ను ఆలోచించారు. ఆ పన్ను ఎన్నడూ వసూలు కాలేదు. కాని వీధికి వాల్ టాక్స్ రోడ్డు అనే పేరు మాత్రం స్థిరపడినది. కట్టని పన్నుకు ఇంతటి స్మారకం మరెక్కడా ఉండదేమో! గోడ ఇప్పుడు దాదాపు లేదు. ఒక్కచోట మిగిలిన ముక్క మీద మొక్కలు పెంచి మేడతోట చేశారు. పేటకూ కోటకూ నడుమ బయలుకు హద్దుగా 1773లో పాతిన ఆరు రాతికంబాలలో ఒకటి పారీస్ మూలలోని డేర్ హౌసు ఆవరణలో ఉన్నది. ఏళ్ల తరబడి దాని ప్రక్కనే నడిచిపోయేవారికి కూడా అదేమిటో తెలియదు.

గోడకు ఉన్న ద్వారాలలో ఏనుగు ద్వారం ఒకటి. అరవంలో యానైకవుని. తిరుమల బ్రహ్మోత్సవాలు రాగానే పట్నం గుడి దగ్గర, చెన్నకేశవస్వామి సన్నిధి నుండి, శ్రీవారికి వెలిపట్టు గొడుగులు బయలుదేరుతవి. సందులు చాలవు, మేడల మీద జనం, గోవింద నామం. సాయంకాలం నాలుగు గంటలలోగా ఆ గొడుగులు ఏనుగు ద్వారం దాటిపోవాలని పట్టుదల. గోడా లేదు, తలుపులూ లేవు, దాటవలసిన గడప మాత్రం ఇంకా ఉన్నది. అది దాటిన గొడుగులు గరుడసేవ నాటికి కొండ చేరుకొంటవి. ఈసారి మాడవీధులలో నిలుచున్నప్పుడు మలయప్పస్వామి శిరస్సుపైన ఆ తెల్లగొడుగును చూడండి. అది బయలుదేరిన గుడి 1757లో లేకుండా పోయి మళ్లీ వచ్చిన గుడి.

స్వస్తి.