నీడ ఏ రంగు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చేసే పని గురించి పది నిమిషాలు మాట్లాడు" అని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు మా అమ్మ పక్కనే ఉంది. "ఇన్నేళ్లుగా నాకే అర్థం కాలేదు, వాళ్లకేం చెప్తావురా?" అంది. ప్రయత్నిస్తాను.

నేను హైదరాబాదులో యానిమేషన్ సినిమాలకు లైటింగ్ చేస్తాను. కంప్యూటర్‌లో ఒకరు బొమ్మను తయారుచేస్తారు, ఇంకొకరు దాన్ని నడిపిస్తారు. అప్పటికి ఆ లోకంలో పగలూ లేదు, రాత్రీ లేదు. సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాలి, దీపం ఎంత వెలగాలి, నీడ ఎటు పడాలి అన్నది మేం చూస్తాం. ఆ తర్వాత మనిషి, వెనక కొండ, పొగ, నీడ ఇలా విడివిడి పొరలుగా వచ్చినవాటిని ఒకే కెమెరా తీసినట్టు అతకడాన్ని కంపోజిటింగ్ అంటారు.

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల షాట్ అంటే 96. ఒక్కో ఫ్రేముకు ఒక కంప్యూటర్ మూడు గంటలు తీసుకుంటే మొత్తం 288 గంటలు, అంటే 12 రోజులు. అందుకే ఆ పనిని చాలా కంప్యూటర్లకు పంచి రాత్రంతా నడుపుతాం. పొద్దున వచ్చి చూస్తే నీడ తప్పు వైపు పడి ఉందనుకోండి, రాత్రంతా వృథా.

ఇప్పుడు నా పనిలో సగం కొత్తగా చేరిన పిల్లలకు నేర్పడమే. ఇక్కడ ఇంతమంది మాస్టార్లు ఉన్నారు కాబట్టి, అందులో నేను చేసిన తప్పు మీ ముందే చెప్పుకోవాలని ఉంది.

కొన్నేళ్ల కిందట మా జట్టులో ఒక అమ్మాయి చేరింది. మనలాంటి ఊరు నుంచే వచ్చింది. వాళ్ల నాన్న అప్పు చేసి కోర్సు ఫీజు కట్టారు. ఆమెకిచ్చిన మొదటి షాట్‌లో ఒక ముసలమ్మ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. ముఖం మీద మంట వెలుగు, వెనక కిటికీలోంచి తెల్లవారే వెలుగు. వారం రోజులు ఆ అమ్మాయి దానితో తంటాలు పడింది. నేను రోజూ ఇరవై దిద్దుబాట్లు రాసి పంపేవాణ్ణి. మర్నాడు అప్పగించాలనగా, రాత్రి పదింటికి "నువ్వు ఇంటికెళ్లమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. తెల్లవారేసరికి షాట్ మొత్తం మార్చేశాను. పాసైంది. సాయం చేశాననే అనుకున్నాను. ఆ సినిమా అయ్యేలోపు ఇలా మరో మూడు నాలుగుసార్లు చేశాను.

సినిమాతోపాటే ఆమె కాంట్రాక్టూ ముగిసింది. వెళ్లే రోజు నా దగ్గరకొచ్చి, "సార్, రీల్‌లో ఏం పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇందులో నాదేదో నాకే తెలియడం లేదు" అంది.

రీల్ అంటే తను చేసిన షాట్లను కూర్చిన చిన్న వీడియో. మా రంగంలో మార్కుల జాబితా అదే, సిఫారసు ఉత్తరమూ అదే. 2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్‌లో ఆస్కార్ వచ్చింది. ఆ పులిని సృష్టించిన స్టూడియో అదే నెలలో దివాలా పిటిషన్ వేసింది. దానికి హైదరాబాదులోనూ శాఖ ఉండేది. ఆస్కార్ వచ్చిన చోటే అలా జరిగితే, చిన్నచోట్ల సంగతి చెప్పక్కర్లేదు. రేపు స్టూడియో ఉన్నా లేకపోయినా మనిషి వెంట వచ్చేది చేతిలో పని, చెప్పుకోవడానికి రీల్. నేను ఆ అమ్మాయికి ఆ రెండూ లేకుండా చేశాను.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది మన డ్రాయింగ్ మాస్టారు. ఏడో తరగతిలో కిటికీ పక్కన బల్ల మీద ఒక మట్టి కుండ పెట్టి గీయమన్నారు. నేను నీడను నల్లగా దిద్దేశాను. ఆయన నా పుస్తకం మీద పెన్సిల్ పెట్టలేదు. "ఒరేయ్, నీడ ఏ రంగురా?" అన్నారు. "నలుపండీ" అన్నాను. "లేచి వెళ్లి చూసి రా." వెళ్లి చూశాను. సున్నం కొట్టిన గోడ మీద నీడ కాస్త నీలంగా ఉంది. కుండ ఎరుపు గోడ మీద కొంచెం పాకింది. వచ్చి చెప్పాను. "మరి అది వెయ్యి" అని ముందుకెళ్లిపోయారు. సూర్యుడు నేరుగా తగలని చోట ఆకాశం వెలుగు తగులుతుందనీ, ఒక వస్తువు మీద పడిన వెలుగు దాని రంగు పూసుకుని పక్కదాని మీదికి దూకుతుందనీ ఆ తర్వాత చాలా ఏళ్లకు లావు పుస్తకాల్లో చదివాను. చూడడం మాత్రం ఆ రోజే వచ్చింది.

అప్పటినుంచి పద్ధతి మార్చుకున్నాను. పిల్లల మౌస్ నేను పట్టుకోను. ఇరవై దిద్దుబాట్లు ఒకేసారి ఇవ్వను. షాట్‌ను తపాలా బిళ్లంత చిన్నదిగా చేసి, "ముందు కన్ను ఎక్కడికి పోతోంది?" అని అడుగుతాను. అది కుదిరాక వెలుగు ఎటునుంచి వస్తోందో చూస్తాం, ఆ తర్వాతే రంగు. పొరలు కలిపేటప్పుడు, దూరంగా ఉన్న కొండలో నలుపు ముందున్న మనిషి జుట్టులో నలుపంత చిక్కగా ఉందేమో చూడమంటాను. మధ్యలో గాలి ఉంది కదా, అది పలచబడాలి. రాత్రంతా నడిపే ముందు పది ఫ్రేములకొకటి చొప్పున చిన్న సైజులో తీయించి చూస్తాం. తప్పు సాయంత్రమే దొరికితే పిల్లలు రాత్రి ఇంటికెళ్లి నిద్రపోతారు.

వెన్నెల షాట్ వచ్చినప్పుడు 1957 నాటి 'మాయాబజార్'లో పడవ పాట చూపిస్తాను. అందులో మార్కస్ బార్ట్‌లే గారి వెన్నెలకు రంగే లేదు, తెలుపూ నలుపూ మాత్రమే. "మరి చల్లగా ఎందుకనిపిస్తోంది?" అని అడిగి టీకి వెళ్లిపోతాను. తిరిగొచ్చేసరికి వాళ్లలో వాళ్లు వాదించుకుంటూ ఉంటారు.

ఈ పద్ధతిలో పని ఆలస్యమవుతుంది. గడువు మీద పడినప్పుడు చేతులు దురదపెడతాయి. రెండు మూడుసార్లు పైవాళ్లతో మాటలు పడ్డాను. పడాల్సింది నేనే కదా, పిల్లలు కాదు.

ఆ అమ్మాయికి తర్వాత ఫోన్ చేసి క్షమించమని అడిగాను. వేరే ఊళ్లో పని దొరికింది, ఏడాది పట్టింది. "పర్లేదు సార్" అంది. అంతకంటే ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

చివరగా రెండు మనవులు. ఈ రంగంలోకి రావాలనుకునే మన బడి పిల్లలెవరైనా ఉంటే, ఫీజు కట్టకముందే నాతో మాట్లాడమనండి. ఇందులో ఉన్న కష్టం కూడా దాచకుండా చెప్తాను. రెండోది మాస్టార్లకు. పరీక్షలు దగ్గరపడ్డాయని డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకు ఇచ్చేయకండి. నేను ఇవాళ తింటున్న అన్నం ఆ పీరియడ్‌లోదే.

కుండ పెట్టిన కిటికీ ఇంకా ఉంది, పొద్దున వెళ్లి చూసొచ్చాను. గోడకు ఇప్పుడు పసుపు రంగు వేశారు. నీడ ఏ రంగులో ఉందో నేను చెప్పను. భోజనాలయ్యాక మీరే వెళ్లి చూడండి.

సెలవు.